చేదు పాదు

జైలు తోట నుంచి,
చలి తగ్గుతున్న రోజులు

అక్కకు,

ఈ ఉత్తరం నీ చేతికిచ్చే మనిషి మా బ్యారక్‌లో అందరికీ గడ్డాలు గీసేవాడు. రేపు విడుదలవుతున్నాడు. మాట పొదుపు, మనసు మంచిది. కడుపునిండా భోజనం పెట్టి పంపు.

అతని దగ్గర ఒక గుడ్డమూట ఉంటుంది. అందులోవి గుమ్మడి గింజలు. పోయిన ఏడు నా చేత్తో పండించిన కాయల్లోంచి తీసి, కడిగి, నీడన ఆరబెట్టాను. చలికాలమంతా నిలవుండే రకం. తొక్క చెక్కలా గట్టిగా ఉంటుంది, లోపల ముదురు పసుపు. ఇక్కడ మేమందరం తిన్నాం. ఎప్పుడూ ఏదో ఒకటి గొణిగే వంటవాడు కూడా ఆ రోజు నోరు మూసుకుని తిన్నాడు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నాడని సామెత కదా, ఇక్కడ ఆ మాట అంటే బ్యారక్ బ్యారకంతా తడుముకుంటుంది. అందుకని నవ్వుకుంటూ తిన్నాం.

నా తోట ఎలా ఉంటుందో నీకు తెలియదు కదా. ఆఫీసు గోడకీ నీళ్ళ ట్యాంకుకీ మధ్య చిన్న మడి. కంచె పొడవునా ఆఫీసువాళ్ళు అందం కోసం బొమ్మకాయలనే గుమ్మడి జాతి తీగలు పాకించారు. చారలవీ, బుడిపెలవీ, కోడిగుడ్డంతవీ కాస్తాయి. తినడానికి పనికిరావు, ఎండబెట్టి బల్లల మీద పెట్టుకుంటారు. తేనెటీగలు పొద్దున్నే ఆ కంచె మీద వాలి, అక్కడి నుంచి నా గుమ్మడి పూలలోకి వస్తాయి. వాటి రొద వింటూ కూర్చుంటే నేనెక్కడున్నానో కాసేపు మరిచిపోతాను.

మన పెరట్లో పాదులు పెట్టు అక్కా. బావగారికి ఇష్టం లేకపోతే నేను పంపానని చెప్పకు.

నీ తమ్ముడు

*

ఇంటి నుంచి,
నేల వెచ్చబడ్డాక

చిన్నోడా,

నీ స్నేహితుడు వచ్చాడు. రెండుసార్లు వడ్డించుకున్నాడు. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, "మీ తమ్ముడు రాత్రిళ్ళు నిద్రపోడమ్మా, తోటలోనే కాస్త తేరుకుంటాడు" అన్నాడు. నువ్వెప్పుడూ రాయలేదే ఈ సంగతి.

గింజలు నాటాను. మీ బావకి చెప్పకుండా ఎలా ఉంటుంది? మూట చూడగానే ఎక్కడిదని అడిగారు. చెప్పాను. ఆయన లేచి బయటికి వెళ్ళిపోయారు. నీకు తెలుసు, మిల్లులో నీ తోపుకి పడి చనిపోయినవాడు ఆయనకి చిన్ననాటి నుంచి స్నేహితుడు. ఆయన ఫోర్‌మన్‌గా ఉన్న మిల్లులో, ఆయన మాట మీద నీకు ఇప్పించిన పని. అయిదేళ్ళుగా మన ఇంట్లో నీ పేరెత్తితే గోడలకి కూడా చెవుడొస్తుంది.

కానీ మర్నాడు పొద్దున లేచి చూద్దును కదా, పెరట్లో పలుగు చప్పుడు. నేను తవ్విన గుంతలు లోతు చాలవని మళ్ళీ తవ్వుతున్నారు. "నేనేం వాడి కోసం చేయడం లేదు. చేసే పనేదో సరిగ్గా చెయ్యాలి" అన్నారు. సరేనండీ అన్నాను.

ఆయన ఒంటి సంగతి కూడా నీకు రాయలేదు. పోయిన ఏడు పెద్ద జ్వరం వచ్చి తగ్గాక ఆయనకి రుచీ వాసనా పోయాయి. మళ్ళీ రాలేదు. ఏం పెట్టినా గడ్డి తిన్నట్టుందంటారు. వంట చేసేదాన్ని నేను, నాకెలా ఉంటుందో ఊహించుకో. చిక్కిపోయారు. గుండె కూడా కాస్త నీరసంగా ఉందని డాక్టరు మందులిచ్చింది.

అక్క

*

జైలు తోట నుంచి

అక్కకు,

బావగారు గుంతలు తవ్వారన్న వాక్యం ఎన్నిసార్లు చదివానో. ఆయన చేత్తో తవ్వితే ఇంక ఆ పాదులకి తిరుగులేదు.

గుంతకి మూడు మొలకలు నిలిపి మిగతావి తీసేయండి. తీగ బారెడు సాగాక చివర తుంచితే పక్కకొమ్మలు వస్తాయి. ముందు అన్నీ మగపూలే పూస్తాయి, కంగారు పడొద్దు. ఆడపువ్వు కింద గోలీ అంత పిందె ఉంటుంది, చూస్తే తెలిసిపోతుంది.

ఇక్కడ ఈ ఏడు గుమ్మడికి చోటు లేదన్నారు. ఉల్లి, బంగాళాదుంప వేయమని ఉత్తర్వు. కాబట్టి ఈసారి నా పంట మీ పెరట్లోనే.

నిద్ర సంగతి ఏమీ లేదు. ఆ గడ్డాలవాడు పొరపాటున మాట్లాడితే ఇలాగే అతిగా మాట్లాడతాడు.

నీ తమ్ముడు

*

ఇంటి నుంచి,
ఎండలు ముదిరిన వేళ

చిన్నోడా,

నువ్వు వచ్చి చూడాలి. పెరడంతా ఆకులే. బట్టలు ఆరేసే తీగ కూడా మాది కాదిప్పుడు, గుమ్మడిది. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగి చూసి, రాత్రికి మా ఇంట్లోకి కూడా వచ్చేస్తుందేమో అంటోంది.

మీ బావ పొద్దున్నే లేచి మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపూల మీద అద్దుతున్నారు. ఎవరు నేర్పారో తెలియదు, అడిగితే చెప్పరు. పిందె పడినప్పుడల్లా నన్ను పిలిచి చూపిస్తారు. కాయలు నేలకి తగిలి కుళ్ళకుండా మిల్లు నుంచి తెచ్చిన చెక్కముక్కలు ఒక్కొక్క దాని కిందా పెట్టారు. ఆ చెక్కలు ఆయన ఎవరికీ ఇవ్వరు, నాకు పీట చేయమంటేనే ఇవ్వలేదు.

నిన్న అన్నం తింటూ ఉన్నట్టుండి, "వాడికి అక్కడ తిండి సరిగ్గా పెడతారా?" అన్నారు. ఎవరికని అడగలేదు నేను. పెడతారట అన్నాను. తలూపి చెయ్యి కడుక్కున్నారు.

ఇవాళ ఉత్తరం రాస్తున్నానంటే కలం తీసుకున్నారు. కింద ఆయన చేతిరాతే.

అక్క

ఏమోయ్. ఆకుల మీద బూడిదలాంటి తెగులు కనిపిస్తోంది. ఏం చల్లాలో రాయి. కాయలు బాగున్నాయి. ఒంట్లో జాగ్రత్త.

*

జైలు తోట నుంచి

అక్కకు, బావగారికి,

బావగారూ, తెగులు పట్టిన ఆకుల్ని కోసి దూరంగా కాల్చేయండి. నీళ్ళు ఆకుల మీద పడకుండా మొదట్లోనే పోయండి. ఈ వేళకి పట్టినా కాయకి నష్టం ఉండదు. తొడిమ ఎండి బెండులా అయ్యాక, తొక్క మీద గోరు గుచ్చితే దిగకుండా ఉన్నప్పుడు కోయాలి. కోశాక కొన్నాళ్ళు ఎండలో ఆరనివ్వండి.

మీరు రాసినదానికి ఇంకా ఏదో రాయాలని మూడు కాగితాలు పాడుచేశాను. ఏది రాసినా ఎక్కువగానో తక్కువగానో ఉంది. క్షమించమని అడిగే అర్హత నాకు లేదు కాబట్టి తెగులు గురించే రాశాను. మొదటి కాయ మీరే తినాలి బావగారూ. రుచి తెలియకపోయినా సరే, మీరే తినాలి.

మీ
బామ్మర్ది

*

ఇంటి నుంచి,
ఆకులు రాలుతుండగా

తమ్ముడూ,

ఆలస్యమైంది. నువ్వు వరసగా రాసిన రెండు ఉత్తరాలూ అందాయి. ఇంట్లో పనులు.

కాయలు అనుకున్నంత బాగా రాలేదు. చలి ముందే పడింది. తీగలు తీసేశాను. ఇంక గింజలు పంపకు, పెరడు ఖాళీగా ఉంటేనే నాకు వీలు.

మీ బావకి చెయ్యి నొప్పి, కలం పట్టలేకపోతున్నారు. అడిగానని చెప్పమన్నారు.

చలికి స్వెట్టర్ పంపిస్తాను. వేళకి తిను.

అక్క

*

జైలు తోట నుంచి,
మొదటి మంచు

అక్కా,

నీ ఉత్తరం చదివి భయమేసింది. నువ్వు నాకు అంత చిన్న ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. అమ్మ పోయినప్పుడు కూడా నాలుగు పేజీలు రాశావు. చిన్నోడా అని కూడా పిలవలేదు. బావగారికి కోపం వచ్చిందా? మొదటి కాయ ఆయనే తినాలని రాయడం చనువైపోయిందా? ఆయన మళ్ళీ రాయకపోయినా ఫర్వాలేదని చెప్పు. ఆ నాలుగు మాటలే చాలు నాకు.

తీగలు తీసేశానన్నావు. కాయలు కొన్నయినా దక్కాయా?

నీకొక సంగతి దాచాను, సంతోషపెడదామని. ఉల్లిమళ్ళు కుళ్ళిపోతే ఆ చోట్లో గుమ్మడి వేసుకోమని ఆలస్యంగా అనుమతి ఇచ్చారు. నీకు పంపగా నా దగ్గర మిగిలిన గింజలే వేశాను. మీకంటే నెల వెనక. ఇప్పుడు కోతయింది. ఆరబెట్టి గిడ్డంగిలో వరసగా పేర్చాం. చూస్తే పెళ్ళివారు కూర్చున్నట్టుంది. జైలు ఆసుపత్రి వార్డులో పళ్ళు లేని ముసలివాళ్ళూ జ్వరాలవాళ్ళూ ఉన్నారు. రొట్టె నమలలేరు. వాళ్ళకి మెత్తగా ఉడికించి పెట్టడానికి మొత్తం పంట వార్డుకే ఇచ్చాను. ఇంకో వారంలో మొదలుపెడతారు. ఇక్కడికి వచ్చాక నా చేతిమీదుగా జరిగిన మంచి ఇదొక్కటే అక్కా. బావగారికి చెప్పు.

నీ తమ్ముడు

*

ఇంటి నుంచి,
నీ ఉత్తరం అందిన రోజే

చిన్నోడా,

ముందు ఇది చదువు. ఆ కాయలు ఎవరి చేతా తినిపించకు. వార్డులో ఎవరికీ పెట్టనివ్వకు. అవి విషం. ఈ ముక్క చదివిన వెంటనే లేచి వెళ్ళి ఆపు, మిగతా ఉత్తరం తర్వాత చదువుకో.

పొద్దున మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. ఎత్తినాయన గుమ్మడికాయల గురించా అని రెండుసార్లు అడిగి, ఖైదీల బంధువులు ఏదైనా కాగితం మీదే రాసి పంపాలన్నాడు. కనీసం రాసుకోండి బాబూ అన్నాను. రాసుకున్నానన్నాడు. ఆ గొంతు మీద నాకు నమ్మకం లేదు. త్వరగా అందే తపాలాలో ఇది వేస్తున్నాను.

ఇప్పుడు నీతో చెప్పకూడదనుకున్నది చెప్పాలి. మీ బావ లేరు. ఆకులు రాలే రోజుల్లోనే పోయారు. చెయ్యి నొప్పి అని నీకు రాసింది అబద్ధం. అప్పటికి ఆయన పోయి పది రోజులైంది.

మొదటి కాయ ఆయనే కోశారు. గొడ్డలితో కొట్టాల్సి వచ్చింది, అంత గట్టి తొక్క. లోపల రంగు చూసి ఇద్దరం మురిసిపోయాం. ఉప్పూ మిరియాలూ వేసి మెత్తగా ఉడికించాను. ఉప్పు చూద్దామని ఒక చెంచా నోట్లో వేసుకున్నాను. నాలుక కాలినట్టు చేదు. వేపాకు కూడా దాని ముందు చాలదు. ఉమ్మేసి నోరు కడుక్కుని, ఇది పారేస్తాను, ఇంకోటి కోద్దామన్నాను.

ఆయన గిన్నె తన ముందుకి లాక్కున్నారు. "చేదో తీపో నాకు తెలిసేదేముంది? వాడు మొదటి కాయ నన్ను తినమన్నాడు. వాడి కాయ పారబోస్తావా?" అన్నారు. నేను నవ్వాను కూడా. చేదు మంచిదేలే, కడుపు శుభ్రమవుతుందనుకున్నాను. గిన్నె ఖాళీ చేసి, ఇంకొంచెం ఉందా అని అడిగి పెట్టించుకున్నారు. ఆ జ్వరం తర్వాత ఆయన అడిగి పెట్టించుకున్నది ఆ ఒక్కసారే.

సాయంత్రానికి వాంతులు. తర్వాత రక్తం. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి మనిషి గుడ్డపీలికలా అయిపోయారు. డాక్టరమ్మ ఏం తిన్నారని అడిగితే మిగిలిన కూర పట్టుకెళ్ళాను. ఆవిడ నాలుక కొసతో చూసి, వెంటనే కడుక్కుని వచ్చింది. గుమ్మడి పక్కన బొమ్మకాయల్లాంటి చేదు జాతి తీగలు ఉన్నాయా అని అడిగింది. ఆ పుప్పొడి ఈ పువ్వులో పడితే ఆ ఏడు కాయకి ఏమీ కాదట, గింజలోకి చేరుతుందట. మరుసటి ఏడు ఆ గింజ నుంచి వచ్చిన కాయలో చేదు విషం ఉండొచ్చట. వండినా పోదట. రుచి తెలిసినవాడెవడూ రెండో ముద్ద తినలేడు కాబట్టే జనం బతికిపోతారంది. మా ఇంట్లో రుచి తెలియని మనిషి ఉన్నారు.

గుండె తట్టుకోలేదు. నాలుగో రోజు పోయారు.

నువ్వు మొదటి ఉత్తరంలో కంచె గురించి రాసిన మాటలు ఆసుపత్రి బల్ల మీద కూర్చున్నప్పుడు గుర్తొచ్చాయి. నీకు చెప్పకూడదని అప్పుడే అనుకున్నాను. నీ తోటలో ఈ ఏడు గుమ్మడి లేదన్నావు కదా, చెప్పకపోతే ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

ఇప్పుడు లేచి వెళ్ళు.

అక్క

*

జైలు నుంచి

అక్కా,

ఎవరూ తినలేదు. ముందు అది తెలుసుకో.

ఇక్కడ ఉత్తరాలు చదివి మాకిచ్చే గుమస్తా ఒకడున్నాడు. మా కన్నీళ్ళు చదివి చదివి ముఖం రాయి అయిపోయిన మనిషి. నీ ఉత్తరం చింపి మొదటి నాలుగు వాక్యాలు చదివి, తనే తోటలోకి పరుగెత్తుకొచ్చాడు. ఇద్దరం వంటశాలకి వెళ్ళాం. వారం ఆగుతామన్నవాళ్ళు ఆగలేదు, ఆ పొద్దునే కోసి పొయ్యి మీద పెట్టారు. నీ ఫోన్ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

పచ్చిముక్క కొరికాను. నువ్వన్నట్టే ఉంది. వంటవాడు కూడా చూసి ఉమ్మేశాడు. కానీ చక్కెర పోస్తే సరిపోతుందన్నాడు. వార్డు బండి గుమ్మంలో ఉంది, ఆలస్యమైతే తనకి చీవాట్లు. సూపరింటెండెంట్ చెబితే తప్ప పారబోయడానికి లేదని గిడ్డంగి అధికారి అన్నాడు. ఆయన ఊళ్ళో లేడు. గుమస్తా ఉత్తరం చూపించి వాదిస్తున్నాడు. వాళ్ళు గిన్నెలు నింపడం మొదలుపెట్టారు.

నేను గుండిగని తన్నాను. బోర్లా పడింది. మరుగుతున్నదంతా వంటవాడి పాదాల మీద పడింది. అతని అరుపు ఇంకా వినిపిస్తోంది. నాకు అతని మీద ఏ కోపమూ లేదు అక్కా. నేను మనుషుల దగ్గర నిలబడితే చాలు, ఎవరో ఒకరికి ఏదో ఒకటి అవుతుంది.

మర్నాడు జైలు డాక్టరు వచ్చి కొన్ని కాయలు కోయించి చూశాడు. కొన్ని తీపి, ఎక్కువ చేదు. పైకి అన్నీ ఒకేలా ఉన్నాయి. మొత్తం పూడ్పించారు. ఆ విషయంలో నా మీద తప్పు పెట్టలేదు. వంటవాడి కాళ్ళ విషయంలో పెట్టారు. మంచి నడవడికకి తగ్గించిన శిక్షంతా మళ్ళీ కలిపారు. తోట తీసేసి బట్టలుతికే చోట వేశారు. సరైనదే.

ఒకణ్ణి కోపంతో తోసి చంపాను. ఇంకొకణ్ణి ప్రేమతో గింజలు పంపి చంపాను. మొదటి కాయ మీరే తినాలని నా చేత్తోనే రాశాను.

నన్ను చూడ్డానికి రావద్దు. నీకు నా ముఖం చూపించలేను.

*

ఇంటి నుంచి,
నిన్ను చూసి తిరిగొచ్చిన మర్నాడు

చిన్నోడా,

రావద్దన్నా వచ్చాను. నువ్వు గదిలోకి రావనుకున్నాను. వచ్చావు. వచ్చి బల్లకి అటువైపు కూర్చుని గంటసేపూ కిటికీ వైపే చూశావు. సబ్బునీళ్ళకి నీ వేళ్ళు పగిలి ఉన్నాయి, అవి చూస్తూ కూర్చున్నాను నేను. వంటవాడు కర్రసాయంతో నడుస్తున్నాడని గుమ్మం దగ్గర గుమస్తా చెప్పాడు. ఆ మాట నీ నోటి నుంచి వినాలనుకున్నాను.

సమయం అయిపోయిందని కాపలా అతను తలుపు తీశాక, అప్పుడు అడిగావు, "ఆయన చివరికి నా గురించి ఏమన్నారు?" అని. జవాబు చెప్పేలోపే నన్ను బయటికి పంపించేశారు. బస్సులో దారంతా నీకు జవాబు చెబుతూనే ఉన్నాను, పక్కసీటావిడ నన్ను పిచ్చిదాన్ననుకుని ఉంటుంది.

ఇప్పుడు రాస్తున్నాను.

డాక్టరమ్మ బొమ్మకాయల సంగతి నాతో చెబుతున్నప్పుడు ఆయన కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నాం. ఆవిడ వెళ్ళాక నా కొంగు పట్టుకుని లాగారు. గొంతు లేదు, వంగి చెవి దగ్గర పెట్టాల్సి వచ్చింది. "వాడికి చెప్పకు. నా వాణ్ణి ఒకణ్ణి చంపాడని వాణ్ణి అయిదేళ్ళు దూరం పెట్టాను. ఆ ఒక్కడి బరువే మోయలేకపోతున్నాడు. నన్ను కూడా వాడి నెత్తిన పెట్టకు" అన్నారు. నా చేత మాట తీసుకున్నారు. అందుకే నీకు చెయ్యి నొప్పి అని రాశాను. బతికినన్నాళ్ళూ అలాగే ఏదో ఒకటి రాస్తూ ఉండేదాన్ని.

నీ ఉత్తరంలో వార్డులో ముసలివాళ్ళ సంగతి చదివి ఆ మాట తప్పాను. రెండోసారి ఆలోచించలేదు. ఆయనైనా తప్పమనే అనేవారు.

నువ్వు మోయలేవని ఆయన భయపడ్డారు. నేను కూడా భయపడుతున్నాను. ఏమీ కాలేదని, నీ తప్పేమీ లేదని రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. గిన్నె ఎదురుగా పెట్టుకుని నవ్విన దాన్ని నేను. చేదని తెలిసింది ఆ ఇంట్లో నాకొక్కదానికే. కాబట్టి బరువు మొత్తం నీదనుకోకు, సగం నా దగ్గరుంది.

వచ్చే నెల సందర్శకుల రోజున మళ్ళీ వస్తాను. కిటికీ వైపు చూస్తూ కూర్చున్నా సరే, గదిలోకి మాత్రం రా.

నీ అక్క